పెదాలు కదిపి ఊరుకోమన్నాను

నోరిచ్చిన స్వామికి నమస్కారం. ఇచ్చిన నోట్లోంచి మాటను కొన్నాళ్ళు తీసి తన దగ్గర దాచుకుని, దుమ్ము దులిపి తిరిగి ఇచ్చిన స్వామికి ఇంకో నమస్కారం. నేను పలకలేని రోజుల్లో కూడా నా లోపల పలుకుతూనే ఉన్నవాడు ఆయన. ఆయనకు జయం. ఆయన భక్తులకు, అందులోనూ తప్పులు చెప్పే భక్తులకు, ఇంకా ఎక్కువ జయం. ఇది నేను పుట్టించిన మాట కాదు. తనను కొలవడం కన్నా తన భక్తుల్ని కొలవడమే స్వామికి ఇష్టమని మా ఆచార్యులు గారు చెప్పేవారు. ఎనిమిదేళ్ళప్పుడు విన్న ఆ మాట యాభై నాలుగో ఏట గాని నాకు అర్థం కాలేదు. అర్థం కావడానికి తల తెరవాల్సి వచ్చింది.

మాది బందరు. గూడూరు హైస్కూల్లో హిందీ టీచర్ని. చిన్నప్పుడు మా వీధి చివరి వేణుగోపాలస్వామి గుడిలో ఒక ముసలి ఆచార్యులు గారు పిల్లలకు స్వామి వెయ్యి నామాలు సంత చెప్పేవారు. సంత అంటే ఆయన ఒకసారి అనాలి, మేం రెండుసార్లు అనాలి. పుస్తకం ముట్టుకోనిచ్చేవారు కాదు. "పుస్తకం ఇంట్లో మర్చిపోయి వస్తావు. నోరు మర్చిపోయి రాలేవు కదమ్మా" అనేవారు.

ఆయన పోయాక శనివారం పారాయణం నడిపే పని నాకు వచ్చింది. అది జరిగి పద్దెనిమిదేళ్ళు. చాలామంది వచ్చారు, నా ధాటికి తట్టుకోలేక చాలామంది మానేశారు. ప్రతి శనివారం తప్పకుండా వచ్చేవాళ్ళు ముగ్గురే మిగిలారు. మా వీధిలోనే జాకెట్లు కుట్టే టైలరక్క ఒకరు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరై గుడివాడలో ఉంటున్న నర్సమ్మ గారు ఒకరు. ఆవిడ పాసింజరు బండిలో వచ్చేవారు. ఆ బండే పెడనలో ఆగినప్పుడు ఎక్కే మనిషి మూడోది, మా పెడన వదిన. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే.

పెడన వదిన ఇంట్లో అందరూ కలంకారీ అచ్చులు వేస్తారు. చెక్క అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, దాని నెత్తిన పిడికిలితో గుద్దడం ఆవిడ పని. గుద్దీ గుద్దీ కుడిచేతి అంచు కాయలు కాసి గట్టిపడిపోయింది. గొంతు కూడా ఆ చేతిలాంటిదే. మైకు అక్కర్లేదు.

వచ్చిన చిక్కంతా ఒక్క చోట. వెయ్యి నామాల్లో ఒకేలా మొదలయ్యే శ్లోకాలు రెండు ఉన్నాయి. వాటి మధ్య దూరం నాలుగు శ్లోకాలు. పెడన వదిన మొదటిదాన్ని అందుకుని రెండోదానిలోకి దూకేది. మధ్యలోవి గల్లంతు. ఆవిడ గొంతు పెద్దది గనక పక్కవాళ్ళు కూడా ఆవిడతో పాటే దూకేవాళ్ళు. నేను వేలి ఉంగరంతో నేల మీద టక్కున కొట్టేదాన్ని. అందరూ ఆగేవాళ్ళు. మళ్ళీ వెనక్కి వెళ్ళేవాళ్ళం. పద్దెనిమిదేళ్ళ నుంచీ ప్రతి శనివారం ఇదే తంతు.

"నా నోటికి బ్రేకుల్లేవు వదినా" అని నవ్వేసేది.

నాకు నవ్వు వచ్చేది కాదు. మేం ఏటా మాఘ పౌర్ణమికి దివిసీమలో కృష్ణ సముద్రంలో కలిసే చోటికి, హంసలదీవి వేణుగోపాలస్వామి గుడికి వ్యానులో వెళ్ళి మండపంలో పారాయణం చేస్తాం. కిందటి ఏడు అక్కడ వందల మంది మధ్య ఆవిడ దూకింది. నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగి వచ్చాక శనివారం అందరి ముందూ అనేశాను: "వదినా, నువ్వు పైకి చెప్పకు. పెదాలు కదిపి ఊరుకో. స్వామి అర్థం చేసుకుంటాడు."

ఆవిడ "అలాగే టీచరు గారూ" అంది. వదినా అని పిలవలేదు. ఆ రోజు నుంచి నిజంగానే పెదాలు కదిపి ఊరుకుంది. పారాయణం చక్కగా, తప్పులు లేకుండా సాగింది. నేను సంతోషించాను. ఆ సంతోషాన్ని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వర్షాకాలంలో నాకు పొద్దున్నే తలనొప్పి మొదలైంది. తర్వాత ఒకరోజు గూడూరులో క్లాసు చెబుతూ బోర్డు మీద రాస్తుంటే చాక్‌పీసు జారి పడింది. తీశాను. మళ్ళీ పడింది. వెనక్కి తిరిగి పిల్లలతో ఏదో అనబోయాను. అనాల్సిన మాట కళ్ళ ముందు కనిపిస్తోంది, నోటికి అందడం లేదు. విజయవాడలో స్కాన్ తీశారు. తలలో ఎడమ పక్క నిమ్మకాయంత గడ్డ. తీసేయాలన్నారు. డాక్టరు గారు దాచకుండా చెప్పారు: "అమ్మా, ప్రాణానికి భయం తక్కువ. కానీ ఇది మాట పుట్టే చోటుకి ఆనుకుని ఉంది. తీశాక మాట ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఇప్పుడు చెప్పలేను."

మా వారు చెయ్యి పట్టుకున్నారు. నేను మనసులో వెయ్యి నామాలూ మొదటి నుంచి చివరి దాకా చెప్పుకున్నాను. ఒక్కటీ జారలేదు. ఇది పోదులే అనుకున్నాను. నలభై ఏళ్ళ నాడు ఆచార్యులు గారు మేకు కొట్టినట్టు కొట్టారు, ఎలా పోతుంది?

ఆపరేషనుకి ముందు ఆసుపత్రిలో గుండు చేశారు. ముగ్గురూ చూడ్డానికి వచ్చారు. టైలరక్క మెత్తటి నూలు గుడ్డతో మూడు టోపీలు కుట్టి తెచ్చింది. నా గుండు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాను. నడుం మీద చెయ్యేసుకుని పరకాయించి చూసింది.

"జనం తిరుపతి దాకా వెళ్ళి లైన్లో నిలబడి చేయించుకుంటున్నారు. నీకు స్వామి మంచం దగ్గరికే పంపించాడు" అంది.

"ఊరుకో అక్కా, నవ్విస్తే బీపీ పెరుగుతుంది" అన్నారు నర్సమ్మ గారు.

పెడన వదిన గుమ్మం దగ్గరే నిలబడింది. తులసి దళం ఒకటి నా దిండు కింద పెట్టి వెళ్ళింది. ఆపరేషనుకి ముందు నేను సరైన మాట అనగలిగిన చివరి రోజు అది. ఆవిడతో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

కళ్ళు తెరిచేసరికి గొంతు ఎండిపోయి ఉంది. మా వారు కనిపించారు. నీళ్ళు అడిగాను. నా నోట్లోంచి వచ్చిన మాట "గూడూరు."

ఆయన వంగి, "ఏంటి?" అన్నారు.

"గూడూరు."

నీళ్ళు కావాలన్నా గూడూరే. దుప్పటి తీయమన్నా గూడూరే. రోజూ బస్సెక్కి వెళ్ళే ఊరు, నాలుక మీద ఎక్కడో ఇరుక్కుని ఉంది కాబోలు, మిగతా మాటలన్నీ పోయాక అదొక్కటే మిగిలింది. ఎదుటివాళ్ళు చెప్పేది నాకు అంతా అర్థమవుతోంది. నేను చెప్పాలనుకున్నదీ నాకు తెలుస్తోంది. మధ్యలో వంతెన కూలిపోయింది. కుడిచెయ్యి కూడా బరువుగా, నాది కానట్టు ఉంది.

గడ్డ క్యాన్సరు కాదన్నారు, మొత్తం వచ్చేసిందన్నారు. అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించి, స్వామిని మొదటి నామంతో పిలవబోయాను. మనసులో ఉంది. పెదాలు సిద్ధమయ్యాయి.

"గూడూరు."

మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అదే. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఉద్యోగం పోతే పోనీ. చెయ్యి పోతే పోనీ. నామం పోయాక నేనెవరిని? అప్పటినుంచీ నాకు ఉన్నది ఆ ఒక్క భయమే.

ఇంటికి తెచ్చారు. మాట నేర్పే ఆయన వారానికి రెండుసార్లు వచ్చి బొమ్మలు చూపించేవాడు. గ్లాసు, తాళం చెవి, అరటిపండు. అన్నీ గూడూరే. ఆయన ఓపికగా, "పర్లేదమ్మా, ఇంకోసారి" అనేవాడు.

మొదటి శనివారం ముగ్గురూ వచ్చారు. నా మంచం పక్కన చాప వేసుకున్నారు. తల మీద కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి గనక నర్సమ్మ గారు హుకుం జారీ చేశారు: "గోల వద్దు. మెల్లగా చెబుదాం." నర్సమ్మ గారూ టైలరక్కా లోగొంతుతో మొదలుపెట్టారు. నేను విన్నాను. వింటూ కింద కూర్చున్న పెడన వదినను చూశాను. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. నేను ఎలా ఉండమన్నానో అచ్చం అలాగే ఉంది. ఇప్పుడు నేనూ అలాగే ఉన్నాను. ఆవిడ నా ఆజ్ఞ పాటిస్తోంది, నేను దాని ఫలం అనుభవిస్తున్నాను.

వద్దు, పైకి చెప్పు అని అనాలి. "గూడూరు" అన్నాను.

"బస్సు టైముందిలే, కాసేపు ఆగు" అంది టైలరక్క. నర్సమ్మ గారు మోచేత్తో పొడిచారు. నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. పెడన వదిన మాత్రం నవ్వలేదు. లేచి నా టోపీ సరిచేసి మళ్ళీ కూర్చుంది.

రెండో వారం, మూడో వారం కూడా వచ్చారు. పాసింజరు ఆలస్యమైతే అన్నం తినకుండా వచ్చేవాళ్ళు. వచ్చాక మా వారి చేత ఉప్మా చేయించి, అందులో ఉప్పు ఎక్కువైందని ఆయన్నే తిట్టేవాళ్ళు. ఏమీ జరగనట్టు మాట్లాడేవాళ్ళు. నేను కాలితో చాపను పక్కకి నెట్టిన రోజు కూడా ఒకటుంది. చాపను మళ్ళీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

కార్తీకం వచ్చింది. పెళ్ళిళ్ళ రోజులు. ఆ శనివారం టైలరక్కకి జాకెట్ల పని తెమలక రాలేకపోయింది. నర్సమ్మ గారు వచ్చారు గానీ జలుబుతో గొంతు పూర్తిగా కూర్చుండిపోయింది. బొంగురుగా గాలి వస్తోంది తప్ప మాట రావడం లేదు.

"నువ్వు చెప్పు" అని పెడన వదినకి సైగ చేశారు.

"నేనా? నన్ను చెప్పొద్దన్నారు కదా."

నర్సమ్మ గారు గొంతు పెగల్చుకుని, "ఎవరు వద్దన్నది? ఆవిడేగా? ఇప్పుడు వద్దనమను చూద్దాం" అన్నారు.

ఆ మాటకి నేనే ముందు నవ్వాను. అప్పుడు పెడన వదిన నా వంక చూసింది. తల ఊపాను. కొంగు నడుముకి దోపుకుని మఠం వేసుకుని కూర్చుంది, పనిలో కూర్చున్నట్టు. మొదలుపెట్టింది.

నర్సమ్మ గారు పెట్టిన లోగొంతు నియమం మొదటి శ్లోకంలోనే గాలికి పోయింది. వదిన గొంతు ఇల్లంతా నిండింది. పాదం పాదానికీ మంచం పట్టె మీద పిడికిలితో గుద్దుతోంది, అచ్చు వేస్తున్నట్టే. మంచం అదురుతోంది. ఆ అదురు నా వీపులోంచి ఛాతీలోకి వస్తోంది. ఆచార్యులు గారు తొడ మీద తాళం వేసేవారు, ఇదీ అలాగే ఉంది. కళ్ళు మూసుకున్నాను. ఒక్కో నామం నా ముందు నుంచి, తెలిసిన మనుషులు ఊరేగింపులో వెళ్తున్నట్టు వెళ్తోంది.

ఆ చోటు దగ్గరికి వచ్చింది. నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు, గొంతు కాస్త తడబడింది. మొదటి శ్లోకం అందుకుంది. దూకింది.

టక్.

నా ఎడమ చేతి ఉంగరం మంచం పట్టె మీద పడింది. నేను కొట్టాలని అనుకోలేదు. అదే కొట్టింది.

వదిన ఆగింది. "తప్పు పోయిందా?" అంది భయంగా. నర్సమ్మ గారు ముక్కున వేలేసుకుని నన్నే చూస్తున్నారు. వదిన వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకుంది. మళ్ళీ దూకింది.

టక్.

"అబ్బ! ఏం చేసేది నన్ను!" అని నెత్తి కొట్టుకుంది. మూడోసారి వెళ్ళింది. సరిగ్గా అక్కడే ఆగి, రెండు చేతులూ చాచి, కోపంగా నా మీదికి వంగింది. "తర్వాత ఏంటి వదినా? నాకు రాదు! పద్దెనిమిదేళ్ళ నుంచీ రాదు! నువ్వే చెప్పు!"

నా నోట్లోంచి తర్వాతి పాదం వచ్చింది.

గొంతు నాది కాదనిపించింది, తుప్పు పట్టిన తలుపు తెరుచుకున్నట్టు ఉంది. కానీ నామాలు నామాలే. దాని తర్వాతి పాదం వచ్చింది. ఆ తర్వాతిది. ఆవిడ గల్లంతు చేసిన నాలుగు శ్లోకాలూ, ఒక్క నామం జారకుండా, నా నోటి నుంచి వరసగా వచ్చి, ఆవిడ దూకిన చోట కలిశాయి. అక్కడ వదిన అందుకుంది. ఇద్దరం కలిసి ఇంకో రెండు శ్లోకాలు చెప్పాం.

మా వారు వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చారు. "ఎవరు చెప్పింది? ఎవరు?"

వచ్చింది, నాకు వచ్చింది అని ఆయనతో చెప్పాలనుకున్నాను. ఛాతీ మీద చెయ్యి వేసుకుని గట్టిగా అన్నాను: "గూడూరు!"

నర్సమ్మ గారు పడీ పడీ నవ్వారు, నవ్వుతూ దగ్గారు, దగ్గుతూ ఏడ్చారు. పెడన వదిన నా కాళ్ళ మీద తల పెట్టుకుంది. మా వారు గరిటె పట్టుకునే రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టారు. ఆ గరిటెలోంచి కారిన సాంబారు మరక చాప మీద ఇప్పటికీ ఉంది. ఉతకనివ్వలేదు నేను.

మాట నేర్పే ఆయనకి చెబితే ఆశ్చర్యపోలేదు. కంఠస్థం చేసినవి, పాడినవి తలలో వేరే దారిన నడుస్తాయని, మామూలు మాట పోయినవాళ్ళకి కూడా అవి మిగలడం ఉంటుందని, ఆ దారినే మిగతా మాటల్ని కూడా తెచ్చుకోవచ్చని చెప్పాడు. ఆయన మాట నేను కాదనను. ఆ రెండో దారి వేసి ఉంచింది ఎవరో, మేకు కొట్టించింది ఎవరో నాకు తెలుసు. కాగితం మీద "స్వామి" అని ఎడమ చేత్తో వంకరగా రాసి చూపించాను. "సరేనమ్మా, ఇద్దరం కలిసి చేద్దాం" అన్నాడు.

ఆ రోజు నుంచి సంత తిరగబడింది. వాళ్ళు ఒకసారి అనడం, నేను రెండుసార్లు అనడం. ముందు నామాలు. తర్వాత అదే వరసలో, అదే తాళంలో ఇంటి మాటలు. "కాఫీ ఇవ్వండి, చక్కెర వద్దు" అని శ్లోకంలా రాగం తీసి అడిగేదాన్ని. మా వారు కూడా అదే రాగంలో "పాలు లేవు, ఆగాలి" అనాల్సిందే, లేకపోతే టైలరక్క ఒప్పుకునేది కాదు. మా పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో స్వామికే తెలియాలి. ఒక్కో మాటా వచ్చింది. నీళ్ళు వచ్చింది. ఆయన పేరు వచ్చింది. అరటిపండు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది, ఎందుకో.

కుడిచేతి సంగతి పెడన వదిన చూసుకుంది. ఇంట్లో పక్కన పడేసిన పాత మామిడిపిందె అచ్చు ఒకటి, నాలుగు మూరల గుడ్డ, రంగు డబ్బా సంచిలో వేసుకుని వచ్చింది. "చేతికి బంతి ఇచ్చి నొక్కమంటున్నారట కదా. బంతి నొక్కితే ఏం మిగులుతుంది? ఇది గుద్దు, గుడ్డయినా మిగులుతుంది" అంది.

అచ్చు మూలలో సన్నటి చుక్క ఉంటుంది. ముందు వేసిన అచ్చు చుక్క మీద ఈ చుక్క కూర్చోవాలి. అప్పుడే వరస కలుస్తుంది. నా చెయ్యి వణికి మొదటి వరస మామిడిపిందెలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. వదిన నా వేలి ఉంగరం లాక్కుని తన వేలికి పెట్టుకుంది. తప్పు వేసినప్పుడల్లా బల్ల మీద టక్కున కొట్టింది.

"ఎలా ఉంది టీచరు గారూ?" అంది కళ్ళెగరేసి.

ఆ టక్కు ఎంత చిన్నబుచ్చుతుందో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ పద్దెనిమిదేళ్ళు దాన్ని భరించి, ప్రతి శనివారం రైలెక్కి మళ్ళీ వచ్చింది.

ఆవిడకు చెప్పాల్సిన మాట కోసం నేను రెండు వారాలు సాధన చేశాను. అద్దం ముందు నిలబడి, రాగం లేకుండా, మామూలుగా అనాలి. రాగంలో చెబితే పాటలా ఉంటుంది, క్షమాపణలా ఉండదు. ఒక శనివారం అచ్చు పక్కన పెట్టి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఆ రోజు... పెదాలు... అన్నాను. తప్పు నాది." ఇంతే. ఇంతకే చెమటలు పట్టాయి.

వదిన గుడ్డ అంచు లాగి సరిచేసింది. "నాకు గుర్తులేదని అబద్ధం చెప్పను. మూడు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆయన నీకు దణ్ణం పెట్టుకున్నాడు, ఇల్లు ప్రశాంతంగా ఉందని." తర్వాత మెల్లగా అంది: "కానీ వదినా, ఆ రోజు దూకింది కావాలని కాదు. అందరూ అనుకుంటున్నారు, టీచరు గారిని పలికించడానికి తెలివిగా తప్పు చెప్పిందని. స్వామి మీద ఒట్టు. నాకు నిజంగానే రాదు."

"తె...లుసు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ తప్పును దిద్దాలని నేను పద్దెనిమిదేళ్ళు ప్రయత్నించాను. అది సరైపోయి ఉంటే ఆ శనివారం నా ఉంగరం కదిలేది కాదు. స్వామి నా మాట వినలేదు. ఎంత మేలు చేశాడు!

మాఘ పౌర్ణమి దగ్గర పడింది. ఈసారి హంసలదీవిలో ఎవరు చెప్పిస్తారన్న మాట ఎవరూ ఎత్తలేదు. టైలరక్కే ఎత్తింది: "ఈవిడ చెప్పిస్తుంది. ఇంకెవరికి వచ్చు?" ఇంట్లో మంచం మీద వేరు, వందల మంది ముందు వేరు. సగం శ్లోకంలో గూడూరు వచ్చిందంటే? "వద్దు" అన్నాను. ఆ మాట స్పష్టంగా వచ్చింది.

"వద్దు అనడం బాగా వచ్చింది. ఇక అన్నీ వస్తాయి" అన్నారు నర్సమ్మ గారు.

ఎప్పట్లాగే వ్యాను మాట్లాడుకున్నాం. ఏటా కలిసే మిగతా ఆడవాళ్ళు కూడా వచ్చారు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి కోడూరు వైపు తిరిగేసరికి గాలిలో ఉప్పు తగిలింది. కోసిన చేలల్లో మినుము పచ్చగా లేచి ఉంది. నా తల మీద అంగుళం జుట్టు. టైలరక్క ఈసారి టోపీని పట్టుచీర అంచు గుడ్డతో కుట్టింది, "పండగ టోపీ" అంది.

మండపంలో మా వంతు వచ్చింది. నేను ముందు కూర్చున్నాను. నా వెనకే, నా వీపుకి మోకాలు తగిలేంత దగ్గరగా, పెడన వదిన. కళ్ళు మూసుకుని మొదటి నామం కోసం నోరు తెరిచాను. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ క్షణంలో ఆసుపత్రి గోడంతా కనిపించింది. వెనక నుంచి వదిన పిడికిలి నేల మీద మెత్తగా ఒక దెబ్బ వేసింది.

వచ్చింది. స్వామి మొదటి నామం, నా నోటి నుంచి, పైకి.

ఆ తర్వాత నేను చెప్పాను, వాళ్ళు చెప్పారు. మెల్లగానే సాగింది. ఆ రెండు శ్లోకాల చోటు దగ్గరికి వచ్చేసరికి నేను కాస్త వెనక్కి తిరిగాను. వదిన పెదాలు బిగించి, పరీక్షకి కూర్చున్న పిల్లలా నన్నే చూస్తోంది. ఇద్దరం ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకుంటూ నాలుగు శ్లోకాలూ దాటాం. దాటగానే ఆవిడ గొంతు రెట్టింపైంది.

నేను జారింది అక్కడ కాదు. చివరి వందలో, చిన్నపిల్లలు కూడా తప్పు చెప్పని తేలికైన చోట, ఉన్నట్టుండి దారం తెగింది. తర్వాతి నామం ఎంత వెతికినా లేదు. నాలుక మీద గూడూరు వచ్చి కూర్చుంది, తోసుకు రాబోతోంది. గొంతు బయటికి రానివ్వలేదు. పెదాలు మాత్రం కదుపుతున్నాను.

పారాయణం ఆగలేదు. పెడన వదిన గొంతు నా చెవి పక్కనుంచి ముందుకు వెళ్ళింది, ఆవిడ వెంట అందరూ వెళ్ళారు. రద్దీలో తల్లి కొంగు పట్టుకున్నట్టు ఆ గొంతును పట్టుకున్నాను. ఒక శ్లోకం దాటాక నా మాట నాకు దొరికింది. మళ్ళీ అందరికన్నా ముందుకు వెళ్ళాను. చివరి నామం అనేసరికి గుడిలో గంట మోగుతోంది. హారతి వేళకి మోగే మామూలు గంటే. నాకు మాత్రం విజయ భేరీలా వినిపించింది.

ఆ రోజు నా నోటి నుంచి వెయ్యి రాలేదు. పది పన్నెండు తగ్గాయి. కానీ స్వామికి వెయ్యీ చేరాయి. నలభై ఏళ్ళు పొల్లు పోకుండా చెప్పిన నామాల కన్నా ఆ రోజు తగ్గిన నామాలే నాకు ఎక్కువ నేర్పాయి. ఒక్కరి నోరు సరిపోదు కాబోలు, అందుకే స్వామి పారాయణానికి పదిమందిని కూర్చోబెడతాడు.

అక్కడి అర్చకులు తీర్థం ఇస్తూ, "ఎవరమ్మా మీలో చెప్పించింది?" అని అడిగారు.

నేను నోరు తెరిచాను. పద్దెనిమిదేళ్ళుగా "నేనేనండీ" అనేదాన్ని. ఈసారి వేరే మాట వచ్చింది. అది పొరపాటున రాలేదు. "మేమండీ" అన్నాను.

తిరుగు ప్రయాణంలో వ్యాను డ్రైవరు, "అమ్మగారూ, మిమ్మల్ని ఎక్కడ దింపాలి?" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. టైలరక్క ముందు సీటు మీదికి వంగింది. "బందరు" అన్నాను తడుముకోకుండా.

"ఛ! గూడూరు అంటావనుకున్నాను" అంది టైలరక్క. అవనిగడ్డ వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.

ఈ వేసవి సెలవుల తర్వాత మళ్ళీ గూడూరు బస్సెక్కుతాను. కండక్టరు ఎక్కడికంటే ఆ మాట ఎంత సంతోషంగా అంటానో! పెడన వదిన నా చేత వేయించిన గుడ్డ మా దేవుడి గూటికి తెరగా ఉంది. మొదటి వరస మామిడిపిందెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, చివరి వరస చుక్క మీద చుక్క కూర్చుని ఉంటుంది. నా ఉంగరం ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. అడగలేదు.

ఆసుపత్రిలో నా పక్క మంచం మీద ఒకామె ఉండేది. ఆమెకి గూడూరు కూడా లేదు, ఏ మాటా లేదు. ఆమె తల్లి రోజంతా ఆమె చెయ్యి నిమురుతూ కూర్చునేది. వాళ్ళ ఊరు నాకు తెలియదు, పేరూ తెలియదు. స్వామికి తెలుసు. ఇది చదువుతున్న మీరు ఏ నామంతో ఆయన్ని పిలుస్తారో ఆ నామాన్ని ఆమె కోసం, ఆమెలా మాట కోసం వెతుక్కుంటున్న వాళ్ళందరి కోసం, ఇప్పుడు నాతో పాటు ఒకసారి అనండి. సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకోవద్దు. తప్పు పోతే పోనివ్వండి, పక్కవాళ్ళు అందుకుంటారు. పెదాలు కదిపి ఊరుకోకండి. పైకి అనండి.